మేడమ్ గారి రాయి

నేను రాయిని నాకాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటున్నా, అందులో కూడా ఆ రోజు దగ్గర "రాయిని దగ్గరగా పరిశీలించాను" అని మర్యాదగా రాసుకున్నాను.

ఇప్పుడు చెప్పాలనిపించడానికి కారణం మా వంటిల్లు. పోయిన వారం నేను సెలవుకు నరసరావుపేట వచ్చేసరికి మా అమ్మ పొయ్యి గట్టు కొత్తగా వేయిస్తోంది. రాళ్ళ కొట్టుకు తానే వెళ్ళి, ఎండలో నిలబడి బేరమాడి, బూడిద రంగు చారల పలక ఒకటి తెచ్చింది. మేస్త్రీ దాన్ని గట్టు మీద పరిచి తడిగుడ్డతో తుడవగానే చారల మధ్య తెల్లటి గింజలు తేలాయి. ఒక్కో గింజా కన్నులా సాగి ఉంది. రెండు కొసల్లోనూ సన్నటి తోకలు. నేను గట్టు మీద మోచేతులు ఆనించి, వంగి, చూస్తూ ఉండిపోయాను.

"ఏందే అట్టా చూస్తన్నావు? పగులుందా?" అంది అమ్మ.

"లేదమ్మా. ఇది కుడివైపుకు జరిగింది."

మేస్త్రీ కంగారుపడి మట్టం చూసే బద్ద తీశాడు. "యాడ జరిగిందమ్మా? సరిగ్గానే కూర్చుంది గదా."

"ఇప్పుడు కాదు. కొండలు పుట్టినప్పుడు."

మేస్త్రీ అమ్మ వంక చూశాడు. "ఆ పిచ్చి దానికి మేడమ్ పట్టించింది లే. నువ్వు సిమెంటు కలుపు నాయనా," అంది అమ్మ.

ఆ మేడమ్ పోయి ఏడాది దాటింది. అమ్మ ఆ మాట అన్న తరువాత నాకు రోజంతా నవ్వొస్తూనే ఉంది, మధ్యమధ్య కళ్ళు చెమరుస్తున్నా.

*

మా కాలేజీలో ఆమె భూగర్భశాస్త్రం చెప్పేవారు. మనిషి పొట్టి. నేత చీర, దాని మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కాళ్ళకు తెల్ల గుడ్డ బూట్లు, తలకు తువ్వాలు. రొంపిచెర్ల వైపు పల్లెటూరి మనిషి. ఎన్ని డిగ్రీలు చదివినా ఆ పల్లె మాట వదల్లేదు. ఇంగ్లీషులో పాఠం చెబుతూ చెబుతూ, అసలైన చోటుకు వచ్చేసరికి ఇంగ్లీషు పక్కన పెట్టేసి "ఇదిగో, ఇక్కడే ఉంది తిరకాసు" అనేవారు. పరీక్షకు వచ్చేది ఆ తిరకాసే అని మాకు తెలుసు.

కొండల్లో రాళ్ళను చూపించడానికి తీసుకువెళ్ళినప్పుడు సుత్తి ముందు బయటికి తియ్యనిచ్చేవారు కాదు. "చూడండి ముందు. కొట్టడం ఎవడైనా కొడతాడు," అనేవారు. ఎవరైనా "నాకేమనిపిస్తుందంటే మేడమ్" అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవారు. "అనిపించేదంతా ఇంటికి పోయినాక. కనిపించేది చెప్పు." రాయి మీద పేర్లు చెక్కినవాళ్ళన్నా, పెయింటుతో బాణం గుర్తులు వేసినవాళ్ళన్నా ఆమెకు మంట. ఆ కోపం రాయిని నాకేవాళ్ళ మీద కూడా ఉండేది. రాయి తడిస్తే గింజలు స్పష్టంగా కనిపిస్తాయి. నీళ్ళు దగ్గర లేనప్పుడు మా చదువులో కొందరు నాలికతో తడిపి చూస్తారు. "మేకలు ఎక్కి తిరిగే రాళ్ళమ్మా అవి. సీసాలో నీళ్ళుండగా నాలికెందుకు?" అని మొదటి రోజే హెచ్చరించారు.

ఫోటో తీసేటప్పుడు రాయి ఎంత పెద్దదో తెలియడానికి పక్కన ఏదో ఒక వస్తువు పెట్టాలి. అందరూ పెన్నో, సుత్తో పెడతారు. ఆమె గుండ్రటి బిస్కెట్టు పెట్టేవారు. ఫోటో అవగానే దాన్ని దులిపి నోట్లో వేసుకుని, "స్కేలు అయిపోయింది, ఇంకోటి తియ్యండే" అనేవారు. ఆమె వ్యాసాలన్నింటిలోనూ ఫోటోల్లో బిస్కెట్టే ఉంటుంది. ఒక చోట కాస్త కొరికిన బిస్కెట్టు కూడా ఉంది.

ఆమె జీవితమంతా చూసింది షియర్ జోన్లను. అంటే ఏమిటో మాకు క్లాసులో కాక నూజెండ్ల వెళ్ళే బస్సులో తెలిసింది. పక్క సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ, "ఏం జూడబోతన్నారమ్మా ఇంతమంది?" అని అడిగింది. మేడమ్ చేతిసంచీలోంచి పేకముక్కల కట్ట తీశారు. దాని అంచున పెన్నుతో నిలువుగా గీత గీసి ఉంది. కట్టను ఒళ్ళో పెట్టుకుని పైనుంచి అరచేత్తో ఒక పక్కకు తోశారు. ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి కాస్తకాస్త జరిగాయి. నిలువు గీత వాలిపోయింది.

"కొండలోపల రాయి కూడా ఇట్టాగే జరిగిద్ది పిన్నీ. పై కొండ ఒక పక్కకు పోయిద్ది, కింద కొండ ఇంకో పక్కకు. మధ్యలో ఇరుక్కున్న రాయి ఉంది చూడు, అది నలిగి సాగి పలకలు పలకలైపోయిద్ది. ఆ నలిగిన రాయిని జూడబోతన్నాం."

"ఇద్దరాడోళ్ళ మధ్య నలిగిన మగోడి మాదిరి," అంది ఆవిడ.

"ఆ, అంతే. ఆ నలిగినోణ్ణి అడిగితేనే గదా ఎవరు ఎటు తోశారో తెలిసేది."

కండక్టర్ వెనకనుంచి వచ్చి, "మేడమ్, బస్సులో పేకాడగూడదు" అన్నాడు. చీరలో ఉన్న పెద్ద వయసు టీచరు పేకముక్కలతో పట్టుబడటం చూసి బస్సంతా నవ్వింది. ఆమె ఏ మాత్రం సిగ్గుపడకుండా అతణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పారు. వినుకొండలో దిగాల్సినవాళ్ళకు టిక్కెట్లు కొట్టడం కొంచెం ఆలస్యమైంది.

ఆ సిగ్గులేనితనం నాకు చాలా ఆశ్చర్యంగా ఉండేది. నాకున్న సిగ్గు మా క్లాసంతటికీ సరిపోయేది. హాజరు పిలిచినప్పుడు పలికిన మాట తప్ప ఏడాదంతా నా గొంతు వినని క్లాస్‌మేట్లు ఉన్నారు. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల నాది. పుస్తకాల్లోని మనుషులతో ఎంతసేపైనా ఉండగలను, బయటివాళ్ళతో ఉండలేను.

కొండ మీద ఆ పప్పులు ఉడకలేదు. మేడమ్ కొండ పైన ఒక బండ మీద కూర్చునేవారు. మేము కింద చెల్లాచెదురుగా రాతి పొరల వాలు కొలిచి, అక్కడినుంచే గట్టిగా కేక వెయ్యాలి. ఆమె రాసుకునేవారు. నా కేక నాకే వినపడేది కాదు. అందుకని కొలవడం, కొండెక్కి ఆమె దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పడం, మళ్ళీ దిగడం. సాయంత్రానికి మిగతావాళ్ళు చెట్టు నీడన పడుకుని ఉంటే నేను ఇంకా ఎక్కి దిగుతూనే ఉండేదాన్ని.

"ఏమే, నీ గొంతు చెయ్యాల్సిన పని నీ కాళ్ళు చేస్తన్నాయి," అన్నారొకసారి. అంతే. నేను ఆయాసపడుతూ చెప్పిన అంకెలను మాత్రం మిగతావాళ్ళవాటికంటే శ్రద్ధగా రాసుకున్నారు.

*

నూజెండ్ల వైపు ఒక గుట్ట కింద, మిరపచేను గట్టున, ఒక పెద్ద పలకరాయి ఉంది. నలుగురు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. తూర్పుకు కొంచెం వాలి ఉంటుంది. మేడమ్ చదువుకునే రోజుల్లో దాన్ని చూశారట. అప్పటినుంచి ప్రతి బ్యాచినీ మొదట దాని దగ్గరికే తీసుకువెళ్ళేవారు. ఆ చేను రైతు దానికి "మేడమ్ గారి రాయి" అని పేరు పెట్టాడు. మంచి మనిషి. మేము వెళ్ళినప్పుడల్లా టీ తెచ్చేవాడు, "మా చేలో ఏమన్నా బంగారం దొరికిద్దా మేడమ్?" అని అడిగేవాడు, "మిరపకు రేటుంటే అదే బంగారం గదన్నా" అని ఆమె అంటే సంతోషపడేవాడు.

మా అమ్మ గట్టు రాయిలో కనిపించిన గింజలు ఆ పలకరాయి అంచున కూడా ఉన్నాయి, ఇంకా పెద్దవి. రాయి నలిగి సాగుతున్నప్పుడు గట్టి గింజలు పూర్తిగా సాగక కన్నులా మిగులుతాయి. వాటి రెండు కొసల తోకల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటుంది. పైన ఉన్న తోక ఎటు చూస్తే, పైనున్న కొండ అటు జరిగిందని లెక్క. మేడమ్ రాయిలో పై తోకలన్నీ పడమటికి చూసేవి. అంటే తూర్పు వైపు కొండ పైకి లేచి, పడమటి కొండ మీదికి ఎక్కింది. ఇది ఆమె మాట. ఈ మాట మీదే ఆమె మ్యాపులు, వ్యాసాలు అన్నీ నిలబడ్డాయి.

హైదరాబాదులో ఒక ప్రొఫెసర్ గారు ఉండేవారు. సన్నగా, పొడవుగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండే మనిషి. ఆయనది సరిగ్గా ఎదురు వాదం. తూర్పు కొండ పైకి ఎక్కలేదు, తూర్పుకే జారిందని. ఇద్దరూ ఎక్కడ కలిసినా అదే పోట్లాట. మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం పక్కపక్కనే కూర్చునేవారు.

మేడమ్ రిటైరయ్యే సంవత్సరం ఆ ప్రొఫెసర్ గారితో సహా కొందరు పెద్దలు బస్సులో మా కొండలు చూడటానికి వస్తున్నారని తెలిసింది. మేడమ్ చూపించేవి చూసి, వాటి గురించి ఒక పుస్తకంలో రాస్తారట. అంతకుముందు రోజు దారిలో కంపలు అవీ ఉన్నాయేమో చూసి రావడానికి మేడమ్ నన్ను తోడు తీసుకువెళ్ళారు. నేనే ఎందుకంటే, "నువ్వయితే దారంతా బుర్ర తినవు," అన్నారు.

మేము వెళ్ళేసరికి మిరపకాయలు కోతకొచ్చి ఉన్నాయి. మేడమ్ దూరంగా మోటారు షెడ్డు దగ్గర రైతు భార్యతో మాటల్లో పడ్డారు. నేనొక్కదాన్నే రాయి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ సీసా మేడమ్ సంచీలో ఉండిపోయింది. దాని కోసం చేనంతా దాటి కేక వెయ్యాలి. నేను కేక వెయ్యలేను. రాయి మీద దుమ్ము. రేపు పెద్దవాళ్ళు వచ్చేసరికి గింజలు బాగా కనిపించే చోటు చూసి పెట్టుకోవాలి. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.

వంగి నాలిక పెట్టాను.

బలపం రుచి వచ్చింది.

బలపాలు తిన్న పిల్లలకు ఆ రుచి గురించి చెప్పక్కర్లేదు. నేను ఒకటో తరగతిలో పలక మీద రాసినదానికంటే తిన్నదే ఎక్కువ. నాలిక చివర పట్టేసినట్టయ్యే ఆ సున్నపు రుచి ఈ గ్రానైటు రాళ్ళలో ఉండదు. నల్లరేగడి నేలలో పాతుకున్న రాళ్ళకు అడుగు భాగాన సున్నం పేరుతుంది. పైభాగానికి కాదు. అప్పుడు రాయిని సరిగ్గా చూశాను. గుంటల్లో అక్కడక్కడా తెల్లటి పొర. అంచున కన్నుల తోకలు చూశాను. పైన ఉన్న తోకలు తూర్పుకు చూస్తున్నాయి. క్రితం ఏడాది ఇదే చోట నిలబడి పడమటికి చూస్తున్నాయని మేమంతా బొమ్మ గీశాం. పడుకుని, పలక కిందికి చెయ్యి పెట్టాను. వేళ్ళకు గరుకుగా పెచ్చులు తగిలాయి. ఎండా వానా తగిలే రాళ్ళ మీద పట్టే బూడిదరంగు పాచి. గిల్లితే పొడిగా రాలింది.

రాయి దోసెలా తిరగబడి ఉంది. అదే చోట, అదే వాలులో, అదే దిక్కుకు. కానీ తలకిందులుగా. పై తోకలు కిందికి పోయి, కింది తోకలు పైకొచ్చాయి.

నేను లేచేసరికి మేడమ్ వస్తున్నారు. నా మొహంలోకి ఒకసారి చూశారు. సంచీలోంచి సీసా తీసి, "నీళ్ళు తాగు," అన్నారు. తాగాను. చెప్పాలని నోరు తెరిచాను. అప్పటికే ఆమె రైతు కూతురి కాన్పు గురించి, ఆ తరువాత మర్నాటి భోజనాల గురించి, బస్సెక్కాక ప్రొఫెసర్ గారి గురించి మాట్లాడుతున్నారు. "ఆయన్ను ఆ రాయి మీద కూర్చోబెడతా రేపు. కింద ఉన్నదాన్ని కాదని ఎట్టా అంటాడో చూద్దాం." ఆమె అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నరసరావుపేట వచ్చేదాకా నా మాటకు సందు దొరకలేదు. దొరికినా ఏమని చెప్పాలి? ఎలా తెలిసిందంటే ఏమనాలి? పొద్దున్నే చెబుదాం, బస్సెక్కకముందే చెబుదాం అనుకున్నాను. పొద్దున ఆమె చుట్టూ జనం.

*

అతిథులు రాయి చుట్టూ నిలబడ్డారు. మా క్లాసంతా వాళ్ళ వెనక. ఎండుతున్న మిరపకాయల ఘాటుకు ఒకాయన తుమ్ముతూనే ఉన్నాడు. మేడమ్‌కు ఒక అలవాటుంది. ఆ రాయి దగ్గర ఆమె మనుషుల వైపు తిరిగి మాట్లాడేవారు, రాయి వీపు వెనక ఉండేది. సుత్తి పిడిని వెనక్కి తిప్పి చూపిస్తూ, "ఇందులో తోకలు పడమటికి చూస్తన్నాయి, గమనించండి," అన్నారు. ఎన్నేళ్ళుగానో చూసిన రాయి. మళ్ళీ చూడాల్సిన పని లేదనుకున్నారు.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు మార్చుకుని వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు. లేచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, మీ రాయి నా పార్టీలో చేరిపోయింది," అన్నారు.

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వుతూనే వెనక్కి తిరిగారు. వంగి చూశారు. నవ్వు ఆగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని అంచు వెంబడి ఒక్కో గింజనూ వేలితో తడుముతూ పోయారు. సీసాలోని నీళ్ళు పోసి మళ్ళీ చూశారు. తుమ్మే ఆయన తుమ్ము ఆపుకున్నాడు.

"అవును," అన్నారు చివరికి. "తూర్పుకే చూస్తన్నాయి."

"ఎక్కడో పొరపాటు పడి ఉంటారు అప్పట్లో," అన్నారు ప్రొఫెసర్ గారు. ఆయన గొంతులో గెలిచిన సంతోషం అప్పటికే తగ్గిపోయింది.

"పడుండొచ్చు. రాయి చెప్పేది రాసుకోండి. నేను చెప్పింది కొట్టెయ్యండి."

ఆ మాట ఆమె చాలా మామూలుగా అన్నారు. బిస్కెట్టు అయిపోయింది, ఇంకోటి తియ్యండి అన్నట్టే. అతిథుల్లో నా పక్కన నిలబడ్డ కుర్రాయన నిజంగానే తన పుస్తకంలో ఏదో కొట్టేస్తున్నాడు. ఆమె రిటైరయ్యేది ఇంకో రెండు నెలల్లో. పుస్తకంలో పడేది ఇదే. పెన్ను గీత కాగితం మీద గీరుకున్న చప్పుడు నాకు వినపడింది.

"తిరగబడింది," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకే తెలియలేదు. గుట్టకు తగిలి వెనక్కి వచ్చిందని తరువాత నా స్నేహితురాళ్ళు అన్నారు, అది మాత్రం అబద్ధం.

"రాయి తిరగబడింది మేడమ్."

అందరూ నా వైపు తిరిగారు. మేడమ్ లేచి నిలబడ్డారు. సంతోషిస్తారనుకున్నాను. ఆమె కళ్ళు చిన్నవి చేసుకుని చూశారు.

"నా మీద జాలిపడి చెప్పబాక. ఏం జూశావు?"

"కింద పాచి ఉంది మేడమ్. పైన లేదు. పైన గుంటల్లో సున్నం ఉంది."

"పాచి తేమకు కింద కూడా పట్టొచ్చుగా?" ఇది అడిగింది ప్రొఫెసర్ గారు కాదు, మేడమే.

"ఇది ఎండలో పెరిగే పాచి మేడమ్. వెలుతురు లేకపోతే బతకదు. ఇప్పుడు చచ్చిపోతోంది. గిల్లితే పొడిగా రాలుతోంది."

"సున్నం వానకు కొట్టుకొచ్చి పడుండొచ్చు."

"చేను కంటే రాయి ఎత్తులో ఉంది. నీళ్ళు పైకి ఎక్కవు."

ఆమె అడుగుతూ పోయారు, నేను చెబుతూ పోయాను. పరీక్షలో కూడా నన్ను ఎవరూ అంత గట్టిగా అడగలేదు. తన పక్షాన మాట్లాడుతున్నందుకు ఆమె నన్ను రెట్టింపు నిలదీశారనిపించింది. మధ్యలో ప్రొఫెసర్ గారు ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద పడుకుని రాయి కిందికి చెయ్యి పెట్టారు. వేళ్ళు బయటికి తీసి, అంటిన బూడిదరంగు పొడిని వాసన చూసి, "ఉంది," అన్నారు.

అప్పుడు వచ్చాడు రైతు, టీ క్యాను, గ్లాసులు పట్టుకుని. నేలమీద పడుకుని ఉన్న పెద్దమనిషిని చూసి ఆగిపోయాడు.

"అన్నా, ఈ రాయినేమన్నా కదిలించారా?" అని అడిగారు మేడమ్.

"ఎండాకాలంలో పైపులైను తవ్వించాం గదా మేడమ్. అడ్డమొస్తే జేసీబీతో పక్కకు దొర్లించాం. అయితే మీ రాయి గదా అని పనయినాక మళ్ళీ ఇదే చోట, ఇదే వాలున పెట్టించా. ఒక్క అంగుళం కూడా తేడా లేదు, కావాలంటే చూసుకోండి." గ్లాసులు రాయి మీద పేర్చాడు. "కింది పక్క నునుపుగా ఉంటే అది పైకి పెట్టించా, మీరంతా కూర్చుంటారని. మట్టి ఉంటే మోటారు పెట్టి కడిగించా కూడా."

ముందుగా నవ్వింది ప్రొఫెసర్ గారు. నేలమీదే కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఏం జరిగిందో అర్థంకాక రైతు మేడమ్ వంక చూశాడు.

"చానా మంచి పని చేశావన్నా," అన్నారామె. నిజంగానే అన్నారు. ఆ రోజు గానీ, ఆ తరువాత గానీ ఆ రైతుకు ఆమె అసలు సంగతి చెప్పలేదు. మమ్మల్ని కూడా చెప్పనివ్వలేదు. "అంత జాగ్రత్తగా పెట్టినోడి మనసు కష్టపెట్టేదేంది? రాయికేం, మనకేం," అన్నారు.

అందరూ ఇక వాదం తేలిపోయిందనుకున్నారు. తిరగబడిన రాయిని మనసులో మళ్ళీ తిరగేస్తే తోకలు పడమటికే చూస్తాయి. మేడమ్ ఒప్పుకోలేదు. "జేసీబీ ఎక్కొచ్చిన సాక్షి సాక్ష్యం చెల్లదు. అది నాకనుకూలంగా చెప్పినా సరే. పాతుకున్న రాయిని అడుగుదాం పదండి," అని గుట్టెక్కడం మొదలుపెట్టారు. ఆ ఎండలో పెద్దలందరూ ఉసూరుమంటూ వెనక నడిచారు. సగం దాకా ఎక్కాక, గుట్టలోనుంచి పొడుచుకొచ్చిన రాతి అంచు ఒకటి దొరికింది. ఎవరూ కదిలించలేనిది. మేడమ్ దాని వంక చూడలేదు. దానికి వీపు పెట్టి నిలబడి నన్ను పిలిచారు.

"నువ్వు చూసి చెప్పు. ఆయన కింద ఆగిపోయాడు, మోకాళ్ళు నొప్పంట. వినపడాల."

నీళ్ళు పోశాను. చూశాను. మళ్ళీ చూశాను. తరువాత కిందికి తిరిగి, నా జీవితంలో మొదటిసారి కొండ మీదినుంచి కేక వేశాను.

"పడమటికి సార్."

"ఒక్క చోటేగా," అని కిందినుంచి ప్రొఫెసర్ గారి గొంతు వినపడింది.

"ఇంకో చోటు చూపిస్తాం, ఎక్కిరండి," అన్నారు మేడమ్, నా కంటే గట్టిగా. ఆ వాదం ఆ రోజు భోజనాల దగ్గర కూడా పక్కపక్క విస్తళ్ళలో సాగింది. పుస్తకంలో ఆ గుట్ట గురించి మేడమ్ రాసినదే పడింది. కింద చిన్న అక్షరాల్లో, తాను ఒప్పుకోవడం లేదని ప్రొఫెసర్ గారు రాసుకున్నారు. పైన ఫోటోలో బిస్కెట్టు ఉంది.

తిరుగు ప్రయాణంలో ప్రొఫెసర్ గారు నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అంతమందిమి చూశాం, ఎవరికీ అనుమానం రాలేదు. నీకు మొదట దేనివల్ల వచ్చిందమ్మా?"

"పాచి సార్," అన్నాను.

ముందు సీట్లో మేడమ్ తల ఒకసారి ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగింది.

*

పరిశోధనకు నాకు వేరే ఊళ్ళో సీటు వచ్చింది. నేను అక్కడుండగానే, రిటైరైన మరుసటి ఏడాది, మేడమ్ గుంటూరు ఆసుపత్రిలో పోయారు. జబ్బు సంగతి మాకెవరికీ చెప్పలేదు. కబురు తెలిసి నేను బయలుదేరేలోపే అంతా అయిపోయింది. ప్రొఫెసర్ గారు వచ్చారని, ఒక మూల కుర్చీ వేసుకుని చివరిదాకా కూర్చున్నారని చెప్పారు.

నేను ఆమెను చివరగా చూసింది నరసరావుపేట బస్టాండులో, సీటు వచ్చి వెళ్ళిపోతున్న రోజు. పిలవకుండానే వచ్చారు. కొంచెం చిక్కి ఉన్నారు, తలకు తువ్వాలు మాత్రం మామూలే. మా అమ్మతో పచ్చళ్ళ గురించి మాట్లాడారు. నా చేతిలో బిస్కెట్టు పొట్లాలు రెండు పెట్టి, "ఒకటి ఫోటోలకు, ఒకటి ఆకలికి. కలపబాక," అన్నారు. బస్సు కదులుతుంటే కిటికీ పక్కన నాలుగడుగులు నడిచారు. ఏదో చెప్పాలన్నట్టు చెయ్యెత్తారు. నేను తల బయటికి పెట్టాను. అమ్మకు వినపడకుండా కిటికీ దగ్గరికి వంగి అన్నారు:

"ఏమే, మిరపచేల పక్కన రాళ్ళకు నాలిక పెట్టేముందు కాసిని నీళ్ళు పోసి కడుగు. మందులు కొడతా ఉంటారు."